మా ఊరి పిల్లల చేతికి అందే రేడియో బోర్డు ఒకటి కావాలి: తెలుగు హార్డ్‌వేర్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో, బెంగళూరులో, విదేశాల్లో బోర్డు డిజైన్, చిప్ డిజైన్, ఎంబెడెడ్ ఉద్యోగాలు చేస్తున్న తెలుగు ఇంజనీర్లకు,

నమస్కారం.

నేను గుడివాడ ప్రాంతంలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. హామ్ లైసెన్స్ ఉంది, అంటే రేడియోలో మాట్లాడుకునే ఔత్సాహికులకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఆదివారం పొద్దున్నే మా డాబా మీద ఏడెనిమిది మంది పిల్లలు చేరతారు. డిప్లొమా వాళ్లు, ఐటీఐ వాళ్లు, ఒకరిద్దరు ఇంటర్ వాళ్లు. పిట్టగోడ నుంచి పక్కింటి వేపచెట్టు దాకా కట్టిన 20 మీటర్ల రాగి తీగే మా యాంటెన్నా. మీలో చాలామంది ఇలాంటి ఊళ్ల నుంచే వెళ్లి ఉంటారు కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

మాకు ఒక ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో) రిసీవర్ బోర్డు డిజైన్ చేసి పెట్టండి, అంటే రేడియో పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ప్రోగ్రామే చేసే రిసీవర్. మొత్తం ఖర్చు 3,000 రూపాయలు దాటకూడదు. పార్టులు ఇక్కడ దొరకాలి. మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో బిగించుకోగలగాలి. పాడైతే మేమే విప్పి బాగుచేసుకోగలగాలి. దాని ఫైళ్లన్నీ, ఒక్కటి కూడా దాచకుండా, అందరికీ అందుబాటులో పెట్టాలి.

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. అది పిల్లల మీద ఎలా పనిచేస్తుందో మాత్రం చెప్పాలి. మామూలు రేడియోల్లో వాడే సూపర్‌హెటిరోడైన్ పద్ధతి బ్లాక్ డయాగ్రమ్‌ని బోర్డు మీద గీసి రెండు పీరియడ్లు చెబితే వాళ్లు పరీక్ష కోసం బట్టీ పడతారు. అదే లాప్‌టాప్ తెర మీద వాటర్‌ఫాల్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎప్పుడు సిగ్నల్ ఉందో చూపే కదిలే చిత్రం) పెట్టి 7.074 మెగాహెర్ట్జ్ చూపించండి. సన్నటి గీతలు కొన్ని ఒకేసారి మొదలవుతాయి, దాదాపు 13 సెకన్లకు ఒకేసారి ఆగుతాయి, మళ్లీ మొదలవుతాయి. 'ఇదేంటి సార్?' అంటారు. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి, 15 సెకన్లకు ఒక వంతు చొప్పున ఇండోనేషియా వాడు, రష్యా వాడు మాట్లాడుకుంటున్నారు అని చెబితే నమ్మరు. డీకోడ్ చేసి కాల్‌సైన్లు, అంటే లైసెన్స్‌తో వచ్చే స్టేషన్ పేర్లు, చూపిస్తే అప్పుడు నమ్ముతారు. ఆ రోజు నుంచి, సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ వాళ్లకి సిలబస్‌లో ఒక చాప్టర్ కాదు. తెర మీద కళ్లారా చూసిన వస్తువు.

ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. 'సార్, ఇది నేనూ కొనుక్కోవచ్చా?' అని అడుగుతారు.

కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే టీవీ డాంగిల్ ఒకటి చెబుతాను. అది మంచిదే. ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న ఆ డాంగిల్‌ని యూరప్ తరహా డిజిటల్ టీవీ చూసేందుకు తయారు చేశారు. ఎఫ్ఎం రేడియో వినిపించే పని కోసం అది డీమాడ్యులేట్ చేయని శాంపిళ్లనే, అంటే సిగ్నల్‌ని కొలిచిన అంకెలనే, నేరుగా కంప్యూటర్‌కి పంపుతోందని ఔత్సాహికులు పట్టుకున్నారు. 2012లో ఆస్మోకామ్ అనే ఓపెన్ సోర్స్ బృందం దానికి డ్రైవర్ రాశాక ప్రపంచంలో లక్షల మందికి అదే తొలి ఎస్‌డీఆర్ అయింది. దానితో విమానాల సిగ్నళ్లు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్ మీద వచ్చే మాటలు మా పిల్లలూ విన్నారు. కానీ అందులో ఎక్కువగా వాడే ఆర్820టీ ట్యూనర్ 24 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. నాకు కావలసిన షార్ట్‌వేవ్ అంతా దాని కిందే ఉంది. ట్యూనర్‌ని పక్కన పెట్టి యాంటెన్నాని నేరుగా చిప్‌కి కలిపే దారి ఒకటుంది. మా ఊళ్లో అది నడవదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే మీ డిజైన్‌కి అదే మొదటి పరీక్ష.

విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. మీడియం వేవ్‌లో 100 కిలోవాట్ల స్టేషన్. మాకు పక్కనే. ఆ డాంగిల్‌లోని ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) 8 బిట్లది, అంటే లెక్క ప్రకారం సుమారు 50 డెసిబెల్స్ పరిధి. గది నిండా బ్యాండు మేళం మోగుతుంటే మూలన ఉన్న మనిషి గుసగుస ఎలా వినపడుతుంది? 837 మొత్తం పరిధిని తినేస్తుంది, 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్న చిన్న సిగ్నల్ ఏడీసీ కొలిచే రెండు మెట్ల మధ్య పడి కనపడకుండా పోతుంది. బయటి దేశాల్లో డిజైన్ చేసిన చవక బోర్డులు చాలావాటిలో ముందు ఫిల్టర్ ఉండదు, లేదా పేరుకి ఉంటుంది. ఇలాంటి ఆకాశవాణి స్టేషనే హైదరాబాద్ వాళ్లకి 738, విశాఖ వాళ్లకి 927, కడప వాళ్లకి 900. మన బోర్డు మన ఊళ్ల స్టేషన్లను దృష్టిలో పెట్టుకుని పుట్టాలి. యాంటెన్నా సాకెట్ దాటగానే 2 మెగాహెర్ట్జ్ కింద ఉన్నదంతా గట్టిగా అణిచే హైపాస్ ఫిల్టర్ ఉండాలి. ఆకాశవాణి వినాలనుకున్న రోజు దాన్ని తప్పించే జంపర్ ఉండాలి. మూడు కాయిల్స్, నాలుగు కెపాసిటర్ల ఖర్చు అది. దాన్ని మిగుల్చుకుంటే బోర్డు మొత్తం దండగ.

ఇప్పుడు నేను చేసి చూసినది చెబుతాను. జనరల్ పర్పస్ బోర్డు మీద, వైర్లతో, రెండు నెలలు కూర్చుని ఒక రిసీవర్ కట్టాను. క్లాకుకి ఎస్‌ఐ5351 మాడ్యూల్. సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే మిక్సర్‌గా ఎఫ్‌ఎస్‌టీ3253. శాంపిళ్లకి పీసీఎం1808 ఆడియో ఏడీసీ. వీటన్నిటినీ నడిపి యూఎస్‌బీ సౌండ్ కార్డులా లాప్‌టాప్‌కి కనిపించడానికి రాస్‌బెరీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. ఎఫ్‌ఎస్‌టీ3253 నిజానికి కంప్యూటర్లలో డిజిటల్ లైన్లు మార్చే స్విచ్. దాన్ని మిక్సర్‌గా వాడే పద్ధతికి డాన్ టేలో అనే హామ్ పేరు మీదుగా టేలో డిటెక్టర్ అని పేరు. యాంటెన్నా సిగ్నల్‌ని ఒక్కో సైకిల్‌లో నాలుగు సార్లు, 90 డిగ్రీల చొప్పున, నాలుగు కెపాసిటర్ల మీదకి తిప్పుతుంది. దాని నుంచి ఐ, క్యూ అనే, ఒకదానికొకటి 90 డిగ్రీల తేడా ఉన్న రెండు ఆడియో సిగ్నళ్లు వస్తాయి. అమెరికాలో టోనీ పార్క్స్ అనే హామ్ ఇదే పద్ధతి మీద సాఫ్ట్‌రాక్ కిట్లు చవకగా అమ్మి ఎంతోమందికి ఎస్‌డీఆర్ పరిచయం చేశారు.

నా వైర్ల గూడు పనిచేసింది. పీసీఎం1808 సెకనుకు 96,000 శాంపిళ్లు తీస్తుంది కాబట్టి తెర మీద 96 కిలోహెర్ట్జ్ వెడల్పు ఒకేసారి కనపడుతుంది. మన దేశంలో హామ్‌లకి ఇచ్చిన 40 మీటర్ల బ్యాండ్ 7.000 నుంచి 7.200 వరకు. అంటే దాదాపు సగం బ్యాండ్ ఒక్క చూపులో. 192 కిలోహెర్ట్జ్ ఏడీసీ పెడితే ఇంచుమించు మొత్తం వచ్చేస్తుంది.

కానీ నా పని మీ పనిలా ఉండదు. ఎక్కడెక్కడ ఆగిపోయానో చెబుతాను. పికో మీద ఉన్న స్విచింగ్ రెగ్యులేటర్ చప్పుడు తెర మధ్యలో గడ్డి మొలిచినట్టు కనపడుతోంది. గ్రౌండ్ ఎలా విడదీయాలో, ఏ లేయర్‌లో ఏది నడపాలో తెలిసిన మనిషికి అది ఒక సాయంత్రం పని. నాకు నెల పట్టింది, ఇంకా పోలేదు. రెండోది ఇమేజ్, అంటే అద్దంలో ప్రతిబింబంలా పుట్టే దొంగ సిగ్నల్. ఐ, క్యూల మధ్య 1 శాతం ఎత్తు తేడా, 1 డిగ్రీ ఫేజ్ తేడా ఉన్నా ఇమేజ్ 40 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. ఎడమ పక్క ఉన్న స్టేషన్ నీడ కుడి పక్క కనపడుతుంది. పిల్లలు అది నిజం స్టేషన్ అనుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు, కానీ ఫ్రీక్వెన్సీ మారితే మళ్లీ మారుతుంది. ఒక టెస్ట్ టోన్‌ని బోర్డే పుట్టించి తనని తాను సరిచూసుకునేలా మీరు చేయగలరు. ఎస్‌ఐ5351లో మూడు అవుట్‌పుట్లు ఉన్నాయి కదా, ఖాళీగా ఉన్నది అందుకు పనికొస్తుంది. మూడోది, ఈ డిటెక్టర్ 7.1 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేస్తే 21.3ని కూడా వింటుంది. అది మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ), దాని పవర్ తొమ్మిదో వంతుకి మాత్రమే తగ్గుతుంది. కాబట్టి పైన కూడా ఫిల్టర్ కావాలి. ఇవన్నీ మీకు తెలిసినవే. ఆఫీసులో ఇంతకంటే ఎన్నో రెట్లు కష్టమైనవి రోజూ చేస్తున్నారు.

నాలుగోది మీరు మర్చిపోయే అవకాశం ఉన్నది, అందుకే గట్టిగా చెబుతున్నాను. యాంటెన్నా దగ్గర రక్షణ. మూడేళ్ల కిందట డబ్బులు పోగేసి హ్యాక్‌ఆర్‌ఎఫ్ అనే ఎస్‌డీఆర్‌కి నకలు బోర్డు ఒకటి తెప్పించాను. మైకేల్ ఆస్మన్ డిజైన్ అది, 1 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా. దాని ఇన్‌పుట్ తట్టుకునేది మిల్లీవాట్‌లో మూడో వంతు. మా కుర్రాడు పక్కనే నిలబడి 5 వాట్ల హ్యాండ్‌సెట్ నొక్కాడు. అంతే, రిసీవర్ మూగబోయింది. వాడి ముఖం చూడలేకపోయాను. రెండు ఆదివారాలు రాలేదు. కానీ ఆ బోర్డు స్కీమాటిక్ అందరికీ అందుబాటులో ఉంది. ముందున్న యాంప్లిఫయర్ చిప్ ఎంజీఏ-81563 అని అందులో రాసి ఉంది. ఐదు చిప్‌లు తెప్పించి, హాట్ ఎయిర్‌తో పాతది లేపి, కొత్తది వాడి చేతే పెట్టించాను. పని చేసింది. వాడు ఇప్పుడు మా బ్యాచ్‌లో అందరికంటే బాగా సోల్డర్ చేస్తాడు.

దానికి ముందు కొన్న ఇంకో రిసీవర్ కథ వేరు. అందమైన డబ్బా, మంచి సాఫ్ట్‌వేర్. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు వచ్చి పోయే గొడవలో లోపల ఏదో చిప్ కాలింది. విప్పి చూస్తే దాని మీద నంబరు గీకేసి ఉంది. తయారీదారుకి మూడు మెయిళ్లు పెట్టాను. కొత్తది కొనుక్కోమన్నారు. ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఓపెన్ సోర్స్ ఎందుకని ఎవరైనా అడిగితే ఈ రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

అందుకే ఓపెన్ అంటే నేను అడుగుతున్నది ఏమిటో విడమరిచి చెప్పాలి. స్కీమాటిక్ పీడీఎఫ్ ఒకటి పడేసి ఓపెన్ అనడం చాలదు. కైక్యాడ్ అనే ఉచిత బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుని మార్చుకోగలిగే అసలు ఫైళ్లు కావాలి. మా కుర్రాడు కెపాసిటర్ విలువ మార్చి, ట్రాక్ కొంచెం జరిపి, తన పేరు చెక్కుకుని బోర్డు చేయించుకోగలగాలి. ఫర్మ్‌వేర్ (బోర్డులోని చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) సోర్స్, దాన్ని బిల్డ్ చేసే పద్ధతి, పార్టుల జాబితా, ప్రతి పార్టుకి ఇక్కడ దొరికే ప్రత్యామ్నాయం కావాలి. లైసెన్స్‌కి సెర్న్ (యూరప్ అణు పరిశోధన సంస్థ) రాసిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ ఉంది. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో మూడు రకాలున్నాయి. వాటిలో 'ఎస్' రకం తీసుకుంటే మీ బోర్డుని మెరుగుపరిచి అమ్మేవాడు ఆ మెరుగునీ అందరికీ ఇవ్వాలి. నాకు అదే నచ్చుతుంది. ఎవరైనా అమ్ముకోనివ్వండి, లాభం చేసుకోనివ్వండి, తలుపు మాత్రం మూసేయకూడదు.

ధర గురించి రెండు మాటలు. మీ ఆఫీసుల్లో ముందు స్పెసిఫికేషన్ రాస్తారు, తర్వాత ఖర్చు లెక్క వేస్తారు. ఇక్కడ దయచేసి తిరగేయండి. ముందు 3,000 అని కాగితం పైన రాసుకోండి, ఆ తర్వాత అందులో ఏమేం పడతాయో చూడండి. ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే రాసుకునే చిప్) పెట్టాలని చేయి లాగుతుంది, నాకు తెలుసు. మొదటి బోర్డుకి వద్దు. 0402 లాంటి అతి చిన్న సైజు పార్టులు వద్దు, కొంచెం పెద్దవైన 1206 లేదా 0805 పెట్టండి. మా పిల్లలకి మైక్రోస్కోప్ లేదు, సెల్‌ఫోన్ జూమే మాకు భూతద్దం. చిప్ కిందే అతుకు ఉండే ప్యాకేజీలు వద్దు, కాళ్లు కనపడేవి కావాలి. చవక అంటే నాసిరకం అని కూడా కాదు. ఈ రంగంలో చవకైనవన్నీ ఒకే దారిన వచ్చాయి: ఇంకేదో వస్తువు కోసం కుప్పలుగా తయారయ్యే చిప్‌ని పట్టుకుని దానిలో రేడియోని చూడగలిగిన వాళ్ల వల్ల. డాంగిల్ టీవీ కోసం పుట్టింది. టేలో డిటెక్టర్‌కి కంప్యూటర్ స్విచ్. హెర్మెస్-లైట్ అనే ఓపెన్ రేడియో సంగతీ అంతే. స్టీవ్ హేనల్ అనే అమెరికా హామ్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల కోసం చేసిన ఏడీ9866 చిప్ తీసుకుని, షార్ట్‌వేవ్ మొత్తాన్ని 12 బిట్లలో నేరుగా శాంపిల్ చేసే ట్రాన్స్‌సీవర్ (వినడం, ప్రసారం రెండూ చేసే రేడియో) నిలబెట్టారు. మొదట్లో ఎఫ్‌పీజీఏ కోసం కూడా మార్కెట్లో దొరికే డెవలప్‌మెంట్ బోర్డునే వాడుకున్నారు. తర్వాత దాన్ని ఎంతోమంది కలిసి బ్యాచ్‌లుగా చేయించుకున్నారు. ఉద్యోగాల మధ్య తీరికలో చేసిన పని అది.

మన దగ్గర ఇలాంటివి జరగవు అనుకునే వాళ్లకి హైదరాబాద్‌నే చూపిస్తాను. అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ, 2000ల తొలినాళ్లలో బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ డిజైన్ చేసి లోకానికి ఇచ్చేశారు. అందులో నాకు ఎప్పటికీ నచ్చే విషయం, కాయిల్స్ చుట్టడానికి ఆయన కుళాయి వాషర్లు వాడటం. కాయిల్ చుట్టే ఖరీదైన టొరాయిడ్ ఉంగరం దొరకని ఊళ్లో కూడా హార్డ్‌వేర్ షాపు ఉంటుంది కదా. ప్రసార పవర్ కోసం ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్, దొరకనిదేమీ కాదు. ప్రపంచమంతా దాన్ని కట్టుకున్నారు. తర్వాత అదే బాటలో బిట్‌ఎక్స్40, మైక్రోబిట్‌ఎక్స్ బోర్డులు హైదరాబాద్ నుంచే బయటి దేశాలకు వెళ్లాయి. వాటి కాయిల్స్‌ని హైదరాబాద్‌లోని మహిళల బృందం చేత్తో చుట్టింది. ఆ తర్వాత వచ్చిన ఎస్‌బిట్‌ఎక్స్ అయితే రాస్‌బెరీ పై మీద నడిచే ఎస్‌డీఆర్, సోర్స్ అంతా అందరికీ కనపడేలా ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు ఏరుకునే అలవాటున్న నగరం అది. అంత పెద్ద పని అక్కడి నుంచి జరిగిందని మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. వాళ్ల పుస్తకాల్లో లేదు మరి.

అయితే అవి ట్రాన్స్‌సీవర్లు. ప్రసారం చేయాలంటే పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవాలి, అది సరైనదే కూడా. ఎస్‌బిట్‌ఎక్స్ కొన్ని వందల డాలర్ల వస్తువు. నేను అడుగుతున్నది దానికి ముందు మెట్టు. వినడానికి మాత్రమే. విన్నవాడికే మాట్లాడాలనిపిస్తుంది, అప్పుడు పరీక్ష వాడే రాస్తాడు. బోర్డు అంచున మాత్రం ఒక కనెక్టర్ వదలండి. లైసెన్స్ వచ్చినవాడు తర్వాత ట్రాన్స్‌మిటర్ బోర్డు తగిలించుకుంటాడు.

ఇంత పట్టుదల ఎందుకని మీకు అనిపించొచ్చు. మాది కృష్ణా జిల్లా. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినవి వింటూ పెరిగాను. దివిసీమకి ఏం జరిగిందో బయటి లోకానికి తెలియడానికే సమయం పట్టింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్ టవర్లు మూగబోవడం మీరూ చూశారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతూ ఉంది. వెళ్లింది ఔత్సాహిక కార్యక్రమం కోసం. ఆ రోజు నుంచి అదే సహాయ సమాచార కేంద్రమైంది. అలాంటి మనుషులు తీరప్రాంతంలో ఊరికొకరు ఉండాలని నా కోరిక. వాళ్లు తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు తయారవరు. పదహారేళ్లప్పుడు చేతిలో ఒక బోర్డు ఉంటే తయారవుతారు.

ఇంకొక్కటి. కట్టుకునే పద్ధతి తెలుగులో రాయండి. సులభమైన తెలుగు చాలు, కెపాసిటర్‌ని కెపాసిటర్ అనే రాయండి. మా ఐటీఐ పిల్లలు డేటాషీట్‌లో నంబర్లు చదవగలరు, పేరాలు చదవలేరు. ఒక్కో దశ అయ్యాక ఎక్కడ మల్టీమీటర్ పెడితే ఎన్ని వోల్టులు రావాలో రాస్తే, తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లే పట్టుకుంటారు. రాయడానికి తీరిక లేకపోతే ఇంగ్లిష్‌లో నోట్స్ పంపండి, తెలుగు చేసే పని నేను తీసుకుంటాను.

మా వైపు నుంచి ఇవ్వగలిగింది ఇది. మొదటి ప్రొటోటైప్ బోర్డులు పది చేయించండి, ఆ డబ్బు మేం పంపుతాం. పిల్లలు తలా 300 వేసుకుంటామని ఇప్పటికే ఒప్పుకున్నారు, మిగతాది నాది. పదీ ఇక్కడే, ఈ డాబా మీదే బిగిస్తాం. ఏ పార్టు పెట్టడం కష్టమైందో, ఏది తిరగబడి పెట్టారో, ఏది కాలిందో, 837 ఎంత చొచ్చుకొచ్చిందో అన్నీ రాసి, ఫొటోలు తీసి పంపుతాం. రెండో వెర్షన్‌కి కూడా అలాగే. మీలో నలుగురు కలిసి నెలకి రెండు శనివారాలు ఇస్తే వచ్చే తుఫాన్ల సీజన్‌కి ముందే మొదటి బోర్డు చేతికి వస్తుందని నా లెక్క. ఫిల్టర్ కాయిల్స్ చుట్టడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాం. పోయిన ఆదివారానికి ముప్పై అయ్యాయి.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్, ఆయన ఆదివారం బ్యాచ్
గుడివాడ ప్రాంతం, కృష్ణా జిల్లా